నరముల మంటకు మిరప మందు

పంచాయతీ సభ్యులారా,

మిరపకాయ మంట పుట్టించునని మీకు చెప్పుటకు మేము రానక్కరలేదు. ఆ మంటయే మరియొక మంటను తగ్గింపగలదన్న మాట మాత్రము వింతగా తోచును. మన్సూరాబాదు నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా నగరములోనికి పోయినచో మలక్‌పేట మార్కెట్టు వచ్చును. అచ్చట ఎండుమిర్చి బస్తాలు విప్పినప్పుడు దారిన పోవువారికిని తుమ్ములు ఆగవు. ఆ ఘాటునకు మూలమైన పదార్థము పేరు క్యాప్సైసిన్. అది గింజలలో గాక, గింజలను పట్టియుండు తెల్లని పొరలో హెచ్చుగా నుండును. దానినే కొలత ప్రకారము లేపనములో చేర్చి వైద్యులు నరముల నొప్పికి వాడుచున్నారు.

మన్సూరాబాదు ఒకప్పుడు పొలముల నడుమ పల్లె. నేడు నగరములో కలసిపోయినది. షుగరు వ్యాధి మాత్రము నగరపు పొలిమేర వద్ద ఆగలేదు, పల్లెలకును వచ్చినది. ఆ వ్యాధి చాలకాలము అదుపు తప్పియున్నచో కాళ్ళ నరములు చెడును. రాత్రివేళ అరికాళ్ళు నిప్పులమీద పెట్టినట్లు మండును, సూదులు గ్రుచ్చినట్లుండును. సర్పి వచ్చి పొక్కులు మానిన తరువాత కూడ కొందరికి ఆ చోట నెలల తరబడి మంట నిలిచిపోవును. గాయము కంటికి కనబడదు గనుక ఇంటివారు నమ్మరు. ముసలివారు చెప్పుకొనుట మానివేయుదురు.

మిరప మందు పనిచేయు విధమిది. చర్మములోని నరముల కొనలయందు వేడిని పసిగట్టు ద్వారమొకటి గలదు. దాదాపు 43 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడి తగిలినప్పుడు అది తెరచుకొనును. క్యాప్సైసిన్ తగిలినను అదే ద్వారము తెరచుకొనును. అందుచేతనే కారము తిన్న నోరు కాలినట్లుండును. అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందము ఈ ద్వారమును 1997లో కనుగొన్నది. 2021లో వారికి, ఆర్డెం పటపూటియన్ గారికి కలిపి నోబెల్ బహుమతి లభించినది. ఈ మందు పలుమార్లు తగిలినచో ఆ కొనలు మొద్దుబారి, నొప్పి వార్తను పంపుట తగ్గించును. మందు మానిన పిమ్మట అవి మరల యథాస్థితికి వచ్చును.

లేపనములో క్యాప్సైసిన్ నూటికి 0.025 లేక 0.075 పాళ్ళు మాత్రమే యుండును. దినమునకు మూడు నాలుగు మార్లు, కొన్ని వారములు విడువక రాయవలెను. మొదటి దినములలో మంట హెచ్చును. చాలమంది అక్కడనే మానివేయుదురు. నూటికి 8 పాళ్ళు గల పట్టీ కూడ కలదు. దానిని వైద్యుల చేతనే, పాదములకైనచో అరగంట సేపు వేయింపవలెను. గుణము సుమారు మూడు నెలలు నిలుచును. అయినను అందరికిని గుణమిచ్చునని చెప్పలేము. కొందరికి మంచి ఉపశమనము, మరికొందరికి ఏమియు లేదు. ఇది నొప్పిని తగ్గించునే గాని షుగరును తగ్గించదు, చెడిన నరమును బాగుచేయదు.

ఇక ముఖ్యమైన మాట. మందులో మిరపయే కదా అని కారము నూనెలో కలిపి కాళ్ళకు పూయు ఇండ్లు ఉండవచ్చును. ఇది ప్రమాదకరము. వంటింటి కారములో ఘాటు ఎంతయో కొలత లేదు. మండు పాదమే కొన్నిచోట్ల స్పర్శ కోల్పోయి యుండును. అచ్చట పొక్కు లేచినను రోగికి తెలియదు. పొక్కు పుండగును, పుండు చీము పట్టును, తుదకు వ్రేలో పాదమో తీసివేయవలసి వచ్చును. వేడి ఇటుకతో కాపడము పెట్టుటయు ఇట్టిదే.

కావున మీ గ్రామములో షుగరు ఉన్నవారెవరో ఆశా కార్యకర్తతో కూర్చుండి తెలిసికొనుడు. పల్లె దవాఖానలోగాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోగాని వారి పాదములను ఏటేట చూపించుడు. సన్నని నైలాను పోగును అరికాలికి ఆనించి స్పర్శను పరీక్షించుట కొద్ది నిమిషముల పని. పొలమునకు చెప్పులు లేక పోవలదని, ప్రతిరాత్రి అరికాళ్ళు చూచుకొనవలెనని ఇంటింట చెప్పింపుడు.

వైద్యుడు లేపనము వ్రాసినచో పుండు లేని చర్మముమీదనే రాయవలెను. పైన బిగువుగా కట్టు కట్టరాదు. రాయుటకు ముందుగాని వెంటనే గాని వేడినీళ్ళ స్నానము కూడదు. క్యాప్సైసిన్ నీటిలో కరుగదు, నూనెలో కరుగును; కనుక రాసిన చేతిని ఉత్త నీటితో గాక సబ్బుతో రుద్ది కడుగవలెను. ఆ చేయి కంటికి తగిలినచో ఏమగునో మిర్చి కోసిన కూలివారికి తెలియును.