తప్పెవరిదో తేల్చడం మీ పని కాదు

ఈ రోజు పీహెచ్‌డీ పట్టా అందుకుంటున్న మీకు, ఆదివారాలు కూడా మిమ్మల్ని ల్యాప్‌టాప్‌కి వదిలేసిన మీ ఇంటివాళ్లకు నమస్కారం.

సప్లై చైన్‌లో ఉద్యోగం చేస్తూ పరిశోధన చేయడమంటే ఏమిటో నాకు తెలుసు. సరుకు వేళకు అందితే మన పేరు ఎవరికీ గుర్తు రాదు. అందకపోతే తెల్లవారకముందే ఫోను మోగుతుంది. అవతలివాళ్లు అడిగేది ఒక్కటే: తప్పెవరిది? ట్రాన్స్‌పోర్టరుదా, ప్లానింగ్ వాళ్లదా, సేల్స్ వాళ్లదా? సాయంత్రానికి ఎవరో ఒకరి పేరు దొరుకుతుంది, మెయిల్ వెళ్తుంది, గొడవ సద్దుమణుగుతుంది. వచ్చే నెలాఖరుకి మళ్లీ అదే గొడవ.

తప్పెవరిదన్న ప్రశ్నను పక్కన పెట్టగలిగినప్పుడే మన శాస్త్రం ముందుకు కదిలింది. అంగట్లో గిరాకీ కాస్త కదిలితే చాలు, ఫ్యాక్టరీ దాకా వెళ్లేసరికి అది పెద్ద ఊపవుతుందని ఎంఐటీ ఆచార్యుడు జే ఫారెస్టర్ 1961లో ‘ఇండస్ట్రియల్ డైనమిక్స్’ పుస్తకంలో చూపించారు. ఎంఐటీలోనే పుట్టిన, దుకాణం నుంచి ఫ్యాక్టరీ దాకా ఆర్డర్ల గొలుసును అనుకరించే బీర్ గేమ్ మీరందరూ ఆడే ఉంటారు (ఈ వేదిక మీద ఆ పేరెత్తినందుకు పెద్దలు మన్నించాలి). అందులో కొనేవాళ్ల గిరాకీ ఒక్కసారి 4 కేసుల నుంచి 8కి పెరిగి, ఇక కదలదు. అయినా ముందు కొరత, తర్వాత గుట్టలుగా నిల్వలు. ఆట అయ్యాక అడిగితే, కొనేవాళ్లే పిచ్చిపిచ్చిగా ఆర్డర్లిచ్చారని ఆడినవాళ్లు నమ్మకంగా చెబుతారు!

1997లో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన హౌ లీ, ఆయన సహచరులు ఈ ఊపుకి కారణాలు విడమరిచారు. వాళ్లిచ్చిన ఉదాహరణల్లో డైపర్లు ఒకటి. పసిపిల్లల అవసరం వారం వారం మారిపోదు కదా, అయినా డిస్ట్రిబ్యూటర్ల ఆర్డర్లు ఎగిరెగిరి పడేవి. డిస్కౌంటు ఉన్నప్పుడు ఎక్కువ కొనడం, కొరత వస్తుందనిపిస్తే రెట్టింపు అడగడం, లోడు నిండేదాకా ఆర్డరు ఆపడం... ఇందులో ఒక్కటైనా తెలివితక్కువ పని ఉందా? ఎవరికి వాళ్లు బుద్ధిగానే నడుచుకున్నారు, నష్టం మాత్రం అందరికీ వచ్చింది.

ఇలాంటి కారణాలు వెతకడంలో, ఉద్యోగం చేస్తూ పరిశోధించే మీలాంటివాళ్లకు ఒక అనుకూలత ఉంది. మేడ్చల్ వైపు ఒక గోడౌన్ ముందు రాత్రి 11కి లారీ వచ్చి ఆగిందనుకోండి. డ్రైవరు బండి పక్కనే స్టవ్ వెలిగించి అన్నం వండుకుంటాడు. తెల్లారాక బండి లోపలికెళ్తుంది, సరుకు దిగుతుంది, మధ్యాహ్నం భోజనాలయ్యాక జీఆర్ఎన్ (సరుకు అందిన రశీదు) పడుతుంది. సిస్టమ్‌లో సరుకు ‘వచ్చింది’ అప్పుడే. బయటి పరిశోధకుడు ఆ డేటా దించుకుని, రవాణాలో జాప్యమెంతో లెక్కగట్టి, చక్కటి పేపరు రాస్తాడు. లారీ గేటు బయటే ఉందన్న సంగతి మీకు తెలుసు. సెక్యూరిటీ గార్డు చేతిరాతలోని గేటు రిజిస్టరు తిరగేయాలని మీకు తోస్తుంది. పార్ట్‌టైమ్ పరిశోధన ఫుల్‌టైమ్‌కి ఏ మాత్రం తీసిపోదని నేననడానికి ఇదే కారణం.

పట్టాతో పని అయిపోలేదు, ప్రశ్నలింకా ఉన్నాయి. ఒకటి చూడండి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోగానే హైదరాబాద్ నుంచి విజయవాడకు వేసే బిల్లు అంతర్రాష్ట్ర అమ్మకమైంది. సీఎస్‌టీ (కేంద్ర అమ్మకపు పన్ను) బాధ తప్పించుకోవడానికి కంపెనీలు విజయవాడలో వేరే గోడౌన్లు తీసుకున్నాయి. 2017 జులై 1న జీఎస్‌టీ వచ్చి ఆ కారణాన్నే ఎత్తేసింది. మరి మీ కంపెనీకి అక్కడింకా గోడౌన్ ఉంటే ఎందుకుంది? డెలివరీ వేగం కోసమా, అలవాటు కొద్దీనా? ఆఫీసులో అడిగితే ‘మొదట్నుంచీ ఉంది సార్’ అంటారు.

ఇంకొక్క మాట. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి యజమాని ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తప్పనిసరి. ఆ కాగితం కోసం మీరెందరి చుట్టూ తిరిగారో మీకే తెలియాలి. రేపు మీ దగ్గర పనిచేసే అమ్మాయో అబ్బాయో అదే కాగితంతో మీ ముందుకొస్తారు. సంతకం పెట్టండి, కోర్సు వర్కుకి సెలవివ్వండి, అడిగిన డేటా ఇవ్వండి. మీ నిర్ణయమే తప్పని అందులో తేలినా థీసిస్ ఆపకండి.