గాలిపెట్టె నుంచి కంప్యూటర్ దాకా

(మహిళా సంఘం సమావేశంలో ఒక సంగీతం టీచరు చేసిన ప్రసంగం)

 

నేను సంగీతం పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని. నన్ను పాట పాడమని పిలిచారేమో అనుకున్నాను. కాదు, నాలుగు మాటలు చెప్పమన్నారు. సరే, ఒక గొడవ గురించి చెబుతాను. ఆ గొడవ మా ఇంట్లోనే జరిగింది. మా నాన్నకూ, మా అమ్మాయికీ మధ్య జరిగింది. మధ్యలో నేను నలిగిపోయాను. వినండి.

మా నాన్న హార్మోనిస్టు. పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో రాత్రంతా నాటకాలు జరిగేవి. పద్యం ఎత్తుకునే ముందు నటుడు నాన్న వైపు చూసేవాడు. నాన్న శ్రుతి అందించేవాడు. నటుడు రాగం తీస్తే నాన్న వెంట పోయేవాడు. నటుడికి ఊపిరి అందకపోతే నాన్న ఆ ఖాళీని నింపేవాడు. జనం "వన్స్‌మోర్" అని అరిచేవారు. ఆ అరుపులో సగం నాదే అనేవాడు నాన్న.

తర్వాత ఒక సంగతి జరిగింది. నాన్న వాయించే ఒక నాటక సమాజం వాళ్ళు ఎలక్ట్రిక్ కీబోర్డు కొన్నారు. అందులో హార్మోనియం మోత ఉంది. ఫ్లూటు ఉంది. వయొలిన్ ఉంది. తబలా కూడా ఉంది. వాయించడానికి ఒక కుర్రవాణ్ణి పెట్టుకున్నారు. నలుగురికి ఇచ్చే డబ్బు ఒకరికి ఇస్తే సరిపోయింది. నాన్నను మళ్ళీ పిలవలేదు. నాన్న ఎవరినీ ఏమీ అనలేదు. హార్మోనియం మీద దుప్పటి కప్పాడు. ఆ ఏడు మా అమ్మ పొలం పనులకు వెళ్ళి ఇల్లు నడిపింది.

ఇది గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు మా అమ్మాయి సంగతి చెబుతాను.

అమ్మాయి తెచ్చిన కొత్త వాద్యం

మా అమ్మాయికి సంగీతం పిచ్చి. మంచి కీబోర్డు కొనిపెట్టమని అడిగింది. నా దగ్గర డబ్బు లేదు. ఆ పిల్ల ట్యూషన్లు చెప్పి, పాత ల్యాప్‌టాప్ కొనుక్కుంది. అంటే ఒళ్ళో పెట్టుకునే కంప్యూటర్. ఒక రోజు దాన్ని తెరిచి, "అమ్మా, ఇదే నా వాద్యం" అంది. చూస్తే తీగ లేదు. తోలు లేదు. గాలి తిత్తి లేదు. తెర మీద బొమ్మ ఉంది, అంతే. ఆ బొమ్మను సాఫ్ట్‌వేర్ సింథసైజర్ అంటారట.

ఇది ఏమిటో నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

ధ్వని అంటే ఏమిటి? వణుకు. వీణ తీగ వణికితే ధ్వని. డప్పు తోలు వణికితే ధ్వని. మన గొంతులోనూ అదే జరుగుతుంది. ఆ వణుకు గాలిలో వచ్చి మన చెవికి తగులుతుంది.

సింథసైజర్‌లో తీగకు బదులు కరెంటు వణుకుతుంది. ఆ వణుకును స్పీకరు మనకు వినిపిస్తుంది. అమెరికాలో రాబర్ట్ మూగ్ అనే ఇంజనీరు 1964లో ఇలాంటి యంత్రం తయారుచేశాడు. గోడకు ఆనించిన బీరువాలా ఉండేది. నిండా మీటలు, తీగలు.

సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌లో కరెంటు వణుకు కూడా ఉండదు. అంకెలు ఉంటాయి. అవును, మనం పలక మీద దిద్దిన అంకెలే! ఏ క్షణంలో వణుకు ఎంత ఎత్తున ఉండాలో కంప్యూటర్ లెక్క కడుతుంది. పాటల సి.డి.లో ఒక్కో స్పీకరుకు ఒక్క సెకనుకు 44,100 అంకెలు ఉంటాయి. మనం "ఒకటి" అనేలోపు కంప్యూటర్ అన్ని లెక్కలు చేస్తుంది. ఆ అంకెలే చివరికి ధ్వనిగా మారతాయి.

ఈ పని మొదట చేసినవాడు మాక్స్ మాథ్యూస్. అమెరికాలో బెల్ లేబొరేటరీ అనే చోట 1957లో చేశాడు. అప్పుడు కంప్యూటర్ ఒక గది నిండా ఉండేది. దాని చేత 17 సెకన్ల పాట పలికించాడు. అయితే అది ముందుగా లెక్క కట్టి, తర్వాత వినిపించిన పాట. వేలు పెట్టగానే పలికే వాద్యం కాదు. అలా పలికే రోజు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఒకే మనిషి, రెండు దారులు

ఇక్కడ డేవ్ స్మిత్ అనే ఆయన గురించి చెప్పాలి. ఆయన కాలిఫోర్నియాలో ఇంజనీరు. 1978లో ప్రాఫెట్-5 అనే సింథసైజర్ చేశాడు. అంతకు ముందు వాద్యకారులకు ఒక కష్టం ఉండేది. ఎంతో సేపు మీటలు తిప్పి మంచి ధ్వని తెచ్చుకునేవారు. మర్నాడు అదే ధ్వని కావాలంటే? ఏ మీట ఎక్కడ ఉందో కాగితం మీద రాసుకోవాలి. మళ్ళీ ఒక్కొక్కటే తిప్పుకోవాలి. ప్రాఫెట్-5 ఆ ధ్వనిని గుర్తు పెట్టుకునేది. బొత్తాం నొక్కితే చాలు, తిరిగి వచ్చేది.

1983లో ఆయన, జపాన్‌కు చెందిన ఇకుతారో కకెహాషీ కలిసి ఇంకో మేలు చేశారు. వేరు వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి తెచ్చారు. దాని పేరు మిడి. దాన్ని ఈనాటికీ వాడుతున్నారు.

1997లో డేవ్ స్మిత్ ఉన్న కంపెనీ రియాలిటీ అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. మామూలు కంప్యూటర్‌లో వేసుకుంటే అదే సింథసైజర్. పెట్టె కొనక్కరలేదు. అదే సంవత్సరం స్వీడన్‌లో రీబర్త్ అనే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. పాత యంత్రాల ధ్వనిని అది కంప్యూటర్‌లో పలికించింది.

వాద్యకారులు రెండుగా చీలిపోయారు.

కొందరు సంతోషించారు. వాళ్ళ మాట ఇది: "పెద్ద యంత్రాలు కొనే తాహతు మాకు లేదు. పెట్టుకోవడానికి చోటు లేదు. మోసుకుపోవడానికి బండి లేదు. ఇప్పుడు మా గదిలోనే అన్నీ ఉన్నాయి. డబ్బున్నవాడి స్టూడియోలో ఉన్నదే పేదవాడి బల్ల మీద కూడా ఉంది."

కొందరు పెదవి విరిచారు. వాళ్ళ మాట ఇది: "మీట నొక్కిన తర్వాత ధ్వని ఒక క్షణం ఆలస్యంగా వస్తోంది. ఆ క్షణంలో తాళం తప్పుతుంది. కచేరీ మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే మా గతి ఏమిటి? చేత్తో పట్టుకుని తిప్పడానికి ఒక్క మీట లేదు. అందరూ లోపల ఉన్న తయారు ధ్వనులే వాడుతున్నారు. అందరి పాటా ఒక్కలాగే ఉంది."

మరి డేవ్ స్మిత్ ఏం చేశాడో తెలుసా? 2002లో సొంత కంపెనీ పెట్టుకుని, మళ్ళీ పెట్టె వాద్యాలు చేయడానికి వెళ్ళిపోయాడు. మీటలు ఉన్నవి, చేత్తో తిప్పేవి. 2022లో చనిపోయేదాకా అదే పని చేశాడు. కొత్త దారి వేసిన మనిషే పాత దారికి మళ్ళాడు. అలాగని సాఫ్ట్‌వేర్ ఆగిపోలేదు. కంప్యూటర్లు వేగంగా మారాయి. ఆలస్యం బాగా తగ్గింది. ఇప్పుడు సినిమా పాటలు చేసేవాళ్ళలో సాఫ్ట్‌వేర్ వాడని వాళ్ళు తక్కువ.

మనకూ తెలిసిన సంగతే కదా! మిక్సీ వచ్చింది. రోటి పచ్చడి రుచి వేరు అంటాం. నిజమే. కానీ పొద్దున్నే పనికి పోయే ఆడదానికి రోలు ముందు కూర్చునే తీరిక ఏది? రెండు మాటలూ నిజమే.

తాతా మనవరాళ్ళ గొడవ

ఇక మా ఇంటికి వద్దాం.

మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో హార్మోనియం ధ్వని పెట్టి వాయించింది. నాన్న మంచం మీద పడుకుని ఉన్నాడు. లేచి కూర్చున్నాడు.

"గాలి ఏదమ్మా?" అన్నాడు. "తిత్తి గట్టిగా తోస్తే శోకం వస్తుంది. మెల్లగా తోస్తే జాలి వస్తుంది. నీ దాంట్లో ఊపిరి లేదు. పైగా ఇలాంటిదే నా అన్నం తీసేసింది."

అమ్మాయికి కోపం వచ్చింది. "తాతయ్యా, నీ హార్మోనియం మాత్రం మన ఊళ్ళో పుట్టిందా? అది ఫ్రాన్సు నుంచి వచ్చింది. మన సంగీతానికి పనికిరాదని దాన్ని రేడియో వాళ్ళే వెలివేశారు. నీకు తెలియదా?" అంది.

నాన్న మాట్లాడలేదు. ఎందుకంటే అది నిజం. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. కారణం ఉంది. హార్మోనియంలో ఒక్కో మెట్టుకు ఒక్కో స్వరం. రెండు మెట్ల మధ్య జారడం కుదరదు. మన సంగీతానికి గమకం ప్రాణం. గమకం అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం. హార్మోనియం అది పలికించలేదని పెద్దలు కొట్టిపారేశారు. రవీంద్రనాథ్ టాగూర్‌కు కూడా అదంటే గిట్టదు. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు.

అయినా జనం హార్మోనియాన్ని వదల్లేదు. భజనలో ఉంది. హరికథలో ఉంది. నాటకంలో ఉంది. ఒక్కసారి నేర్చుకుంటే ఎవరైనా వాయించవచ్చు. శ్రుతి చేసుకునే బాధ లేదు. ఒకనాడు విద్వాంసులు యంత్రం అని ఈసడించిన దాన్నే నాన్న ప్రాణంగా చూసుకున్నాడు.

"సరే తల్లీ, వాద్యం గురించి నువ్వు చెప్పింది ఒప్పుకుంటాను. అన్నం గురించి చెప్పు" అన్నాడు నాన్న.

దానికి మా అమ్మాయి దగ్గర జవాబు లేదు.

అన్నం సంగతి

ఈ ప్రశ్న నాన్న ఒక్కడిదే కాదు. 1982 మే నెలలో లండన్‌లో వాద్యకారుల సంఘం శాఖ ఒకటి తీర్మానం చేసింది. సింథసైజర్లను నిషేధించాలి అని. పెద్ద గాయకులు వాద్యబృందాన్ని మానేసి, సింథసైజర్ పెట్టుకుంటున్నారు, మా పని పోతోంది అని వాళ్ళ బాధ. సింథసైజర్ వాయించేవాళ్ళు ఎదురు తిరిగారు. మేమూ వాద్యకారులమే, మా పని మాత్రం పని కాదా అన్నారు. చివరికి ఆ తీర్మానాన్ని సంఘం మొత్తం ఒప్పుకోలేదు. సింథసైజర్ ఆగలేదు.

మన మద్రాసు స్టూడియోల్లోనూ అంతే. ఒకప్పుడు ఒక్క పాటకు వరసల కొద్దీ వయొలిన్లు కూర్చునేవి. కీబోర్డులు, కంప్యూటర్లు వచ్చాక ఆ వరసలు తగ్గాయి. అయితే ఆ కీబోర్డు దగ్గరే కొత్తవాళ్ళు కూడా పైకి వచ్చారు. ఎ.ఆర్. రెహమాన్ మొదట్లో మన రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించాడు. 1992లో "రోజా" సినిమాతో సంగీత దర్శకుడయ్యాడు.

ఆడవాళ్ళ సంగతి ఒకటి చెబుతాను. కచేరీలో తంబురా పట్టుకుని వెనక కూర్చునేది ఎవరు? చాలాసార్లు శిష్యురాలే. 1979లో బెంగుళూరులో రాజ్ నారాయణ్ అనే ఇంజనీరు ఎలక్ట్రానిక్ తంబురా తయారుచేశాడు. ఇప్పుడు అది సెల్‌ఫోనులోకి వచ్చేసింది. నేనూ వాడతాను. దాని వల్ల ఇంట్లో ఒంటరిగా సాధన చేసుకోగలుగుతున్నాను. వంట చేస్తూ కూడా శ్రుతి పెట్టుకుంటాను. కానీ గురువు వెనక కూర్చుని, విని విని నేర్చుకునే చోటు ఆ పిల్లకు పోయింది. ఒక చేత్తో ఇచ్చింది. ఇంకో చేత్తో తీసుకుంది.

నాన్న పెట్టిన షరతు

కొన్నాళ్ళకు మా అమ్మాయి తాత దగ్గర కూర్చుంది. "తాతయ్యా, నీ హార్మోనియం తియ్యి. ఒక్కొక్క మెట్టూ వాయించు. నేను రికార్డు చేసుకుంటాను. తర్వాత నా కంప్యూటర్‌లో నీ హార్మోనియమే పలుకుతుంది" అంది.

నాన్న దుప్పటి తీశాడు. ఎన్నో ఏళ్ళ దుమ్ము. తుడిచాడు. తర్వాత ఆగి అడిగాడు: "తల్లీ, నా మోత నీ పెట్టెలోకి వెళ్ళిపోతే, రేపు నన్నెవరు పిలుస్తారు? ఆ మోత నువ్వు ఇంకొకడికి అమ్మితే, అందులో నా పేరు ఉంటుందా? నా వాటా ఉంటుందా?"

మా అమ్మాయి తడబడింది. ఆ సంగతి తను ఆలోచించనే లేదు. కాసేపటికి ఒక తెల్లకాగితం తెచ్చింది. ఇది తాతయ్య వాయించిన ధ్వని అని, తాతయ్యను అడగకుండా ఎవరికీ ఇవ్వను అని, డబ్బు వస్తే సగం తాతయ్యదని రాసింది. సంతకం పెట్టింది. నాన్న కాగితం దగ్గరగా పెట్టుకుని, ప్రతి మాటా చదివాడు. చదివి, తనూ సంతకం పెట్టాడు. అప్పుడు తిత్తి తోశాడు.

ఒకటి చెప్పనా? నాన్నకు ఇప్పటికీ ఆ ల్యాప్‌టాప్ నచ్చదు. తన హార్మోనియం మోతే అందులోంచి వస్తే, "ఇది నా మోతే, కానీ నేను కాదు" అంటాడు. అమ్మాయి నవ్వుతుంది. గొడవ అయిపోలేదు. కానీ దుప్పటి మాత్రం మళ్ళీ కప్పలేదు. సాయంత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వాయిస్తారు.

అమ్మలారా! మన పొలాల్లోకి కోత మిషన్లు వచ్చాయి. నాటు మిషన్లు వచ్చాయి. ఇంకా ఏమేమో వస్తాయి. వచ్చిన ప్రతిదాన్నీ తిట్టి లాభం లేదు. వచ్చిన ప్రతిదానికీ హారతి పట్టడమూ మంచిది కాదు. మా నాన్న అడిగినట్టు అడగాలి. దీనితో ఎవరి పని తేలికవుతుంది? ఎవరి పని పోతుంది? వచ్చిన లాభంలో నా వాటా ఎంత? ఆ జవాబు నోటిమాటగా వద్దు. కాగితం మీద రాయించుకోండి. చదివి, అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

 

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. తాత మాట మీకు సబబుగా ఉందా? మనవరాలి మాట సబబుగా ఉందా? ఎందుకు?
2. రేడియో వాళ్ళు హార్మోనియాన్ని ఎందుకు నిషేధించారు?
3. మీ ఊరికి వచ్చిన ఒక కొత్త యంత్రం పేరు రాయండి. దాని వల్ల ఎవరికి మేలు జరిగింది? ఎవరి పని పోయింది?
4. మీ ఊళ్ళో పాత వాద్యం వాయించేవాళ్ళు ఎవరున్నారు? వాళ్ళను మీ సమావేశానికి పిలవండి.