అమ్మ చేతి రాత



నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని, పెద్ద మాటలు రావు. మా అమ్మాయి కాలేజీలో విని వచ్చి చెప్పిన ఒక తల్లీకూతుళ్ల సంగతి చెబుతాను.

ఫ్రాన్సు దేశంలో మూడువందల యాభై ఏళ్ల కిందట మదాం ద సెవిన్యే అని ఒకావిడ ఉండేది. గొప్పింటి మనిషే. కానీ పాతికేళ్లకే భర్త పోయాడు. ఎలా పోయాడంటే, ఇంకొక ఆడమనిషి విషయంలో వేరొకడితో కత్తులు దూసుకుని పోయాడు. పోతూ ఆస్తి కూడా చాలా తగలేసి పోయాడు. మేనమామ సాయంతో ఆవిడ లెక్కలు చక్కబెట్టుకుని, కూతుర్నీ కొడుకునీ పెంచింది. మగవాళ్లు తగలేస్తే ఆడవాళ్లు కూడబెట్టుకోవడం అక్కడా ఉంది చూడండి.

కూతుర్ని 1669లో ఒక దొరకిచ్చి చేసింది. అతనికి అది మూడో పెళ్లి. 1671 ఫిబ్రవరిలో కూతురు తల్లి ఉండే పారిస్ వదిలి అత్తవారి వైపుకి వెళ్లింది. మధ్య దూరం 500 కిలోమీటర్లకు పైనే. గుర్రాల మీద టపా వెళ్లే రోజులు. అప్పట్నుంచి 1696లో తల్లి చనిపోయేదాకా, ఇద్దరూ విడిగా ఉన్నప్పుడల్లా ఉత్తరాలే. టపా వెళ్లే రోజు కోసం ఆ తల్లి కాచుకుని కూర్చునేది.

ఏం రాసేదంటే, మనం ఫోన్లో మాట్లాడేవే. ఏం తిన్నావు, ఎవరు పోయారు, జూదం ఆడకండి, అప్పులు పెరిగిపోతున్నాయి, ఖర్చు తగ్గించుకోండి అని. కూతురికి 1670 నవంబరులో ఆడపిల్ల పుట్టింది. ఏడాది తిరిగేసరికి మళ్లీ కాన్పు. తల్లికి ప్రాణం ఆగలేదు. ఒళ్లు కోలుకోనీ, నీ మంచం వేరే వేసుకో అని కూతురికి తెగేసి రాసింది. అల్లుడికి కూడా రాసి మందలించింది! 1676లో కీళ్లవాతం వచ్చి చేతులు వాచిపోతే, చెప్పి కొడుకు చేత రాయించింది. మిగతావన్నీ దాదాపు తన చేతి రాతే.

ఇక్కడ నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మకు చదువు లేదు. నాకు పదిహేడో ఏట పెళ్లయింది. ఉత్తరం రాయించాలంటే అమ్మ పక్కవీధి మాస్టారి ఇంటికి ఇన్‌లాండ్ కవరు పట్టుకుని వెళ్లేది. ఇక్కడ మేమంతా క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను, గేదె ఈనింది, వానలు లేవు. అంతే. ఈ చివర ఆ కవరు మొదట మా మామగారు విప్పి అందరూ వినేలా చదివేవారు, ఆ తరవాతే నా చేతికొచ్చేది. పాప పాలు మానకముందే రెండోసారి నీళ్లోసుకున్నాను. రక్తం లేక కళ్లు తిరిగి పడిపోయేదాన్ని. అప్పుడు వచ్చిన ఉత్తరంలో కూడా గేదె సంగతే ఉంది. నాకు కోపం వచ్చింది. ఏళ్ల తరవాత అడిగితే, "ఆ మాట మాస్టారి చేత ఎట్టా రాయించేదే?" అంది.

ఇంకో సంగతి. ఆ ఫ్రాన్సు తల్లి రాసినవి వందల ఉత్తరాలు మిగిలి ఉన్నాయి, పుస్తకాలుగా అచ్చయ్యాయి. కూతురు తిరిగి రాసినవి మాత్రం లేవు. మనవరాలు పౌలీనే అమ్మమ్మవి అచ్చుకిచ్చి, తన తల్లివి కాల్పించిందని చెబుతారు. ఇంటి పరువుకి భయపడిందో ఏమో. ఆ కూతురు ఏం బాధపడిందో, ఏం జవాబిచ్చిందో తల్లి మాటల్లోంచి మనం ఊహించుకోవాల్సిందే. అది వింటే నాకు మన మినిట్స్ పుస్తకాలు గుర్తొచ్చాయి. మొన్న ఒక సంఘంలో పాత పుస్తకాలు పొయ్యిలోకి పోయాయి. అందులో ఎవరెవరు ఏమన్నారో ఇప్పుడెవరు చెబుతారు?

మా అమ్మ సంఘంలో చేరాక సంతకం నేర్చుకుంది. తరవాత రాత్రి బడికి పోయి కూడబలుక్కుని రాయడం నేర్చింది. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసేటప్పుడు ఇంట్లో సంబంధం మాట వచ్చింది. అమ్మ వచ్చి, ఎవరూ చూడకుండా ఒక కాగితం మడిచి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. నాలుగు లైన్లు. ఒత్తులు లేవు, దీర్ఘాలు లేవు. పిల్లకి అప్పుడే పెళ్లి వద్దు, నిన్ను తొందరపడి ఇచ్చాం, నాకు నోరు రాలేదు, ఖర్చుకి నా పొదుపు డబ్బులు తీసుకో అని ఉంది.

ఫోను ఇంట్లోనే ఉంది. అయినా రాసి ఇచ్చింది.

ఆ రాత్రి మా ఆయనకి చదివి వినిపించాను. మా మామగారికి చూపించలేదు. కాగితం నా పొదుపు పుస్తకంలోనే ఉంది, చెదలు పట్టకుండా ప్లాస్టిక్ కవరు వేశాను. మా అమ్మాయి ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం.

నాకిచ్చిన టైము అయిపోయింది. బ్యాంకు లింకేజీ లెక్కలు కోశాధికారి అక్క చెబుతారు.