పాత ఇంటికి కొలత



పాత ఇల్లు విప్పుటకు ముందు ముహూర్తము చూతుము గాని, కొలతాడు పట్టువారు అరుదు. మా శ్రీకాళహస్తిలో పాత మిద్దెలు ఒక్కొక్కటిగా నేల గూలుట చూచుచున్నాను. టేకు తలుపులు పాతకలప అంగడికి పోవును. కడప బండలు పగిలి గుంతలు పూడ్చుటకు పోవును. వాని స్థానమున మరల చెట్టు నరకవలెను, గనిలో రాయి తీయవలెను. ఇట్లు పోవు సొత్తును కొలుచు విధానము కలదు. దానిని మనవి చేసెదను.

ప్రకృతికి తక్కువ కీడు చేయు కట్టడములకు హరిత భవనములని యోగ్యతాపత్ర మిచ్చుచున్నారు. హైదరాబాదులోని సొరాబ్జీ గోద్రెజ్ కేంద్రము 2003లో అమెరికావారి ‘లీడ్’ పద్ధతిలో ప్లాటినం శ్రేణి నందినది. ఆ పద్ధతియొక్క 2009 నాటి నియమములలో ఒకటి వినుడు: పాత కట్టడమును బాగుచేయునపుడు, బరువు మోయని లోపలి గోడలు, తలుపులు, నేల, లోకప్పు, వీనిలో వైశాల్యమున సగమైన పాతవి నిలిచియుండవలెను. గోడకు రెండు ముఖములును లెక్కింతురు. తలుపునకు ఒక ముఖమే.

ఉదాహరణము: 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల సావడి. నేల 300 చదరపు అడుగులు, లోకప్పు 300. నడుమ 15 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తుగల అడ్డుగోడ. దానిలో 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పుగల తలుపు. తలుపు చోటు తీసివేయగా గోడ ఒక ముఖము 129, రెండును 258. తలుపు 21. బయటి గోడల పూతను విడిచినచో మొత్తము 879. నేలయు తలుపును మాత్రమే నిలిపిన 321. నూటికి 37 పాళ్లయినను కాదు. అడ్డుగోడను కూడ నిలిపిన 579. నూటికి 65 పాళ్లు దాటినది. ఒక్క గోడతో ఫలము మారినది.

అదే తలుపును ఊడదీసి బల్లగా చేసిన ఈ లెక్కలో చేరదు. దానిని వెలకట్టి వేరొక పద్దున వ్రాయుదురు.

చెదలు తిన్న కొయ్యను, పుచ్చిన గోడను మమకారముచే నిలుపుమని నేను చెప్పను. గట్టిదానిని గుర్తించుడని మాత్రమే చెప్పుదును. పడగొట్టిన పిమ్మట కొలుచుటకు ఏమియు మిగులదు. కావున గ్రామపెద్దలారా! గునపము ఎత్తకమునుపే గదిగదికి కొలతలు కాగితముపై వ్రాయించి, ఇల్లు కట్టు మేస్త్రీ చేతికిండు. యోగ్యతాపత్రము కోరినను కోరకున్నను, ఏది నిలుపవలెనో ఆ కాగితమే తెలుపును.