ఎండ అందరిది, కరెంటు ఎవరిది?
(నిజామాబాద్‌లో ఆదివాసీ యువతతో జరిగిన మాటామంతీలో చేసిన ప్రసంగం)



బోధన్ దిక్కు నుంచి వచ్చినోళ్లకు శక్కర్‌నగర్ గురించి నేను చెప్పే పనిలేదు. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. నిజాంసాగర్ నీళ్లు, రైతుల చెరకు, కూలీల చెమట కలిస్తేనే అది నడిచింది. 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో తాళం పడ్డది. ఆ తాళంచెవి చెరకు పండించినోళ్ల చేతిలో లేదు, మిషన్ నడిపినోళ్ల చేతిలో లేదు.

ఇప్పుడీ ముచ్చట ఎందుకంటే, సోలార్ వస్తున్నది. రావాలె కూడా. రామగుండంలో ఎన్టీపీసీ 100 మెగావాట్ల ప్లాంటును రిజర్వాయర్ నీళ్ల మీద తేలేటట్టు కట్టింది. 2022 జూలై నుంచి పూర్తిగా నడుస్తున్నది. ఆ పలకల కోసం ఎవరి చెల్క పోలేదు. కానీ నేల మీద పెడితే మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలె. ఆ నేల ఎవరిది? అక్కడే మన ప్రశ్న.

"ఉద్యోగాలొస్తయ్" అంటరు. చక్కెర ఫ్యాక్టరీకి వందలమంది కావాలె. సోలార్ ప్లాంటు ఒక్కసారి బిగించినంక పలకలు కడిగేటోళ్లు, గడ్డి కోసేటోళ్లు, కాపలా ఉండేటోళ్లు చాలు. కాబట్టి మన లాభం కూలీలో కాదు, వాటాలో ఉండాలె. పీఎం కుసుమ్ కింద రైతులు, రైతు సంఘాలు, పంచాయతీలు 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టి 25 ఏండ్లు డిస్కంకు కరెంటు అమ్ముకోవచ్చు. ఇది గుర్తు పెట్టుకోండి.

ఇంకొకటి మన పోడు భూములది. మైదానం రైతుకు కాల్వ ఉన్నది, ఉచిత కరెంటు మోటరు ఉన్నది. అడవిలో పట్టా వచ్చినా స్తంభం రాదు. అందుకే సోలార్ పంపు మనకు సోకు కాదు, రెండో పంట. 2025 మేలో నల్లమలలోని మాచారంలో ఇందిరా సౌర గిరి జల వికాసం మొదలుపెట్టిండ్రు. 12,600 కోట్ల రూపాయలు, 2.10 లక్షల గిరిజన రైతులు, 6 లక్షల ఎకరాలు, నూరు శాతం సబ్సిడీ అని ప్రకటించిండ్రు. ప్రకటన మన చెల్కకు నడిచి రాదు, మనమే అడగాలె.

అడిగేందుకు చట్టం ఉన్నది. మన జిల్లా షెడ్యూల్డ్ ఏరియా కాదు, 1/70 మనకు కాపలా కాయదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం ఇక్కడా వర్తిస్తది. ఆ పట్టా వారసులకు వస్తది గానీ అమ్మరాదు, ఇంకొకరి పేర్న మార్చరాదు. భార్యాభర్తలిద్దరి పేర్న ఉండాలె. సెక్షన్ 3(2) ప్రకారం కరెంటు లైన్లకు, సోలార్ వంటి వసతులకు ప్రభుత్వం ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇయ్యొచ్చు. దానికి గ్రామసభ సిఫారసు తప్పనిసరి. అంటే అడ్డుకునే చట్టం కాదది, మనల్ని అడగమనే చట్టం.

రేపు ఎవరన్న అడ్వాన్స్ పట్టుకొని మీ అవ్వ దగ్గరికొస్తే మూడు అడగండి: ఎన్నేండ్లు? ఏటా ఎంత? ప్లాంటు ఆగిపోతే నేలను తిరిగి చెల్క చేసిచ్చేదెవరు? జవాబు కాగితం మీద లేకపోతే వేలిముద్ర పడొద్దు.

ఇయ్యాల ఇంటికి పోయినంక ట్రంకుపెట్టెల నుంచి పట్టా తియ్యండి. విస్తీర్ణం, హద్దులు, అమ్మ పేరు ఉన్నయో లేవో చూడండి. మన పని అక్కడ మొదలైతది.