నాగార్జునకొండ ఋతువులు

దీవి యన్నంతనే మనకు సముద్రము స్ఫురించును. పలనాటి యుత్తరపు టంచున, మాచర్లకు చేరువ, నదీజలముల నడుమ దీవి యొకటి కలదు. అదియే నాగార్జునకొండ. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరము లోయను ముంచగా, ఈ కొండ దీవిగా మిగిలినది. అంతకు ముందు, 1954 మొదలు 1960 వరకు, పురావస్తుశాఖవారు లోయను త్రవ్వి, బయల్పడిన ఇక్ష్వాకుల కట్టడములలో కొన్నింటిని కొండమీద తిరిగి నిలిపిరి.

ఋతువు లెన్ని యనునది అచ్చటి బ్రతుకును బట్టి యుండును. ఉత్తర అట్లాంటిక్ సముద్రమునందలి ఐస్లాండువారు పూర్వము సంవత్సరమును వేసవి, శీతకాలము అని రెండు భాగములుగనే లెక్కించిరి. నేటికిని ఏప్రిల్ నెలలో ‘వేసవి తొలినాడు’ వారికి సెలవుదినము. మనకు ఋతువులు ఆరు. కాని ఈ లోయ నేలిన ఇక్ష్వాకుల శాసనములలో గ్రీష్మము, వర్షము, హేమంతము అను మూడే కనిపించును. ఒక్కొక్కదానికి ఎనిమిది పక్షములు. నేటి దీవికిని ఆ లెక్కయే సరిపోవుచున్నది.

గ్రీష్మము పలనాటి ఋతువు. సమీపముననే యున్న రెంటచింతల యెండ లెట్టివో శ్రోతలకు చెప్ప నక్కరలేదు. కొన్ని వేసవులలో అచ్చట 45 డిగ్రీల సెంటిగ్రేడు దాటినది. చుట్టును నీరున్నను రాయి కాగక మానదు. జలాశయము తగ్గినకొలది గట్లు బయటపడి దీవి పెద్దదగును.

వర్షర్తువు విచిత్రమైనది. ఈ దీవిని చుట్టిన నీరు ఇచ్చట కురిసినది కాదు. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరమున ఏటేట 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడును. పలనాటి వాన అందులో ఐదవ వంతైనను ఉండదు. పైనున్న ఆలమట్టి, జూరాల, శ్రీశైలము నిండిన పిమ్మటనే వరద సాగరమునకు చేరును. కనుక ఆషాఢ శ్రావణములలో ఆకాశము మబ్బు పట్టినను దీవి యొడ్డున నీరు పెరుగకుండుట కలదు. వాన వెలిసిన నాడు పెరుగుటయు కలదు.

మహాచైత్యపు స్తంభ శాసనములలో వీరపురుషదత్తుని 6వ రాజ్యసంవత్సరము, వర్షర్తువున 6వ పక్షము, 10వ దినము అని యున్నది. అది ఇంచుమించు ఆశ్వయుజము. మంచి సంవత్సరములలో సాగరము 590 అడుగుల పూర్తి మట్టమున కళకళలాడునది నేడు కూడ ఆ దినములలోనే. నాడు భిక్షువులు వానకాలమున విహారము విడువక వర్షావాసము చేసెడివారు. నేడు గాలి విసరునపుడు విజయపురి రేవున లాంచి ఆగును.

హేమంతము దీవి చూడదగిన కాలము. ఎండ మెత్తనిది, జలము నిశ్చలము.

అయితే వర్షర్తువు వచ్చియు నీరు రాని సంవత్సరములు గలవు. 2015లో ఎగువ వానలు లోపింపగా, 2016 వేసవికి సాగరము అడుగంటినది. దీవికి అది యొడ్డు పెరుగుటయే. కుడికాలువను నమ్ముకొన్న నరసారావుపేట రైతునకు పంట పోవుట. అమరావతిలో అమరేశ్వరుని మెట్లకడ కృష్ణను చూచువారును ఈ సంగతి తలపవలెను. మన ఋతువులలో ఒకటి మన యాకాశమున పుట్టదు. సహ్యాద్రిమీద పుట్టి, దారిలోని వారందరి యవసరములు తీరినపిమ్మట మనకు వచ్చును. దానిని పొదుపుగ వాడుకొనుట మన చేతిలోని పని.