కొండమీది ఫెర్న్ మన కుండీలో బతుకుతుందా?

వరండా మెట్ల పక్కన ఓ ఫెర్న్ కుండీ ఉంటే ఆ అందమే వేరు. పూవు పూయదు, కాయ కాయదు. అయినా ఆ ఆకుల నాజూకు చూసి ముచ్చటపడని ఇల్లాలు ఉండదు. ఆ ముచ్చటతోనే నేనొక తప్పు చేశాను.

కిందటేడు శ్రావణంలో విశాఖలో ఉండే మా చెల్లెలితో కలిసి అనంతగిరి, అరకు చూడబోయాను. దారి పొడుగునా తడిసిన బండల సందుల్లో, చెట్ల మొదళ్లలో ఎన్ని రకాల ఫెర్నులని! ఆశ ఆగక నాలుగు మొక్కలు పెకలించి, తడిగుడ్డలో చుట్టి మా వర్నికి తెచ్చుకున్నాను. పూటపూటా నీళ్లు పోశాను. శివరాత్రి దాటి ఎండలు ముదిరేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"నీళ్లు చాలలేదేమో వదినా" అంది పక్కింటావిడ. నేనూ అలాగే అనుకున్నాను. వృక్షశాస్త్రం చదువుతున్న మా మేనకోడలు మాత్రం నవ్వి, "అత్తయ్యా, చాలనిది నీళ్లు కాదు, ఎత్తు" అంది.

నిజమే. మా వర్ని నిజాంసాగర్ కాలువ కింది మాగాణి, నీటికి కొదవలేదు. ఇక్కడా ఫెర్నులున్నాయి. వరిమళ్లలో ఎరువుగా వేసే అజొల్లా ఆ జాతిదే. రాతి సందుల్లో విసనకర్రలాంటి ఆకులతో మొలిచే మయూరశిఖా అంతే. కాని అన్ని ఫెర్నులూ అంత గట్టివి కావు.

ఫెర్నుకు విత్తనం లేదు. ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు చూసి పురుగు పట్టిందనుకుంటాం. అవి దాని బీజాల పొట్లాలు! ఆ పొడి నేల రాలితే ముందు గోరంత పచ్చని రేకు మొలుస్తుంది. దానిమీద సన్నని నీటిపొర ఉంటేనే పుంబీజం ఈదుకుంటూ వెళ్లి స్త్రీబీజాన్ని కలుస్తుంది. అప్పుడుగాని అసలు మొక్క పుట్టదు. అందుకే దానికి చల్లదనం, ఆరని తడి కావాలి.

వేయి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. మబ్బు వచ్చి కొండను తడుపుతుంది. అలాగని ఎంత ఎక్కితే అన్ని రకాలు పెరగవు. నేపాల్ హిమాలయాల్లో అడుగునుంచి 4,800 మీటర్ల దాకా లెక్కలు చూసిన శాస్త్రజ్ఞులు, 2,000 మీటర్ల దగ్గరే ఫెర్న్ రకాలు అన్నిటికంటె ఎక్కువని 2004లో తేల్చారు. అక్కడినుంచి కిందికి వస్తే ఎండ, పైకి పోతే గడ్డకట్టే చలి. రెండూ వాటికి పడవు.

మన అరకు లోయ ఎత్తు సుమారు 900 మీటర్లు. తూర్పు కనుమల్లో ఎంత ఎత్తైన శిఖరమైనా 1,700 మీటర్లకు అటూఇటూనే. రేపు వేడి ఇంకా పెరిగి, చల్లదనం కోసం ఆ మొక్కలు పైకి జరుగుదామన్నా, కొండ అక్కడితో సరి! దానికితోడు చూడవచ్చిన మనం తలా నాలుగు పెకలిస్తే ఇంకేం మిగులుతుంది?

కొండకు వెళ్లండి, కళ్లారా చూసి రండి. మొక్క కావాలంటే మన ఊరి నర్సరీలో పెంచినదే కొని, ఎండ తగలని చోట, నీళ్లబిందెల దగ్గర పెట్టుకోండి.

మా బావి ఒరలో తనంతట తానే మొలిచిన ఫెర్న్ ఒకటి ఏళ్లుగా ఉంది. ఇన్నాళ్లూ దాన్ని పిచ్చిమొక్క అనుకున్నాను. ఇప్పుడు రోజూ పలకరిస్తున్నాను. అది మా ఎత్తుకు తగిన మొక్క మరి!